అన్నం తిన్నాక చెప్పాల్సిన కబురు

బస్సు పూర్తిగా ఆగకముందే రూబీ దూకేసింది.

వెనకే మనోజ్.

గుండుగొలను సెంటర్. సాయంత్రం ఏడున్నర. కరెంటు పోయి ఊరంతా చీకటి. డిసెంబరు చలి.

"ఏవండీ, వెనక్కి చూడకండి!"

చూడనే చూశాడు.

హైవే మీద రెండు లారీల మధ్య నుంచి ఒక్క దీపం వస్తోంది. మోటార్ సైకిల్ కాదు. తెల్ల సుమో. దాని కుడి హెడ్‌లైటు వెలగదు. ఏలూరు నుంచీ బస్సు వెనకే వస్తోంది.

"రూబీ... అదే..."

"చూడద్దన్నానా! నడవండి."

"పరిగెడదాం."

"పరిగెడితే సెంటరంతా మనల్నే చూస్తుంది. నడవండి."

నడుస్తోంది. కొంగు నెత్తిన కప్పుకుంది. చంకలో జిప్పు కవరు వేసిన బైబిల్. చూసినవాళ్లు ప్రార్థన కూటానికి పోతున్నారనుకోవాలి.

ఆ జిప్పు కవరులో బైబిల్‌తోపాటు రెండు వస్తువులున్నాయి. గోరంత మెమరీ కార్డు ఒకటి. బొటనవేలంత గుడ్డ మూట ఒకటి.

మెమరీ కార్డు రేపు పొద్దున్న పదిన్నరకి ఏలూరులో మేజిస్ట్రేటు గారి ముందుకి చేరాలి. అందులో ఉన్న వీడియో తీసిన మనిషి, తన మొగుడు, ప్రాణాలతో దాని పక్కన నిలబడాలి.

లాయరు సత్యవతి గారు మధ్యాహ్నం ఫోన్లో ఒకటే మాట చెప్పారు. "వాంగ్మూలం రాసుకునేదాకానే అమ్మా ప్రమాదం. రాసుకున్నాక ఆయన్ని చంపి వాళ్లకి లాభం లేదు. ఈ ఒక్క రాత్రీ ఎవరి కంటా పడకండి."

ఒక్క రాత్రి!

పదిహేను గంటలు...

చెట్టు కింద ఒకే ఒక్క ఆటో ఉంది. డ్రైవరు కాలు మీద కాలేసుకుని బీడీ కాలుస్తున్నాడు.

"కొల్లేటి గట్టు దాకా వస్తారా అండీ?"

"వస్తానండి. ఇంకో నలుగురు పడాలండి. ఎక్కి కూర్చోండి."

"మేమిద్దరమే వెళ్దామండీ."

"అలాగెలా అండీ? తిరుగు బేరం ఉండదండి. అరగంటలో నిండిపోద్ది లెండి."

అరగంట!

సుమో సెంటర్లోకి వచ్చేసింది. ఆగిన బస్సు పక్కన మెల్లగా... మెల్లగా... కిటికీ కిటికీకీ టార్చి వేస్తున్నారు.

"మా అత్తగారికి బాగోలేదండీ!" అబద్ధం రూబీ నోట్లోంచి తడుముకోకుండా వచ్చేసింది. "ఈ పూట దాటదన్నారు."

అత్తగారు పోయి ఆరేళ్లయింది. దేవుడు క్షమించాలి.

ఆటో డ్రైవరు బీడీ విసిరేశాడు. "అయ్యయ్యో! ముందే చెప్పద్దటండీ! ఎక్కండి ఎక్కండి!"

తాడు లాగాడు. ఇంజను దగ్గింది. ఆగింది. మళ్లీ లాగాడు.

టార్చి వెలుగు బస్సు చివరి కిటికీ దగ్గరికి వచ్చింది.

మూడోసారి... అందుకుంది!

ఆటో మలుపు తిరిగింది. రూబీ ఊపిరి వదిలింది.

"పెద్దావిడ పేరేంటండీ?"

"ఆఁ? పుష్పమ్మ గారండీ."

"ఏం పర్లేదండి. మా నాన్నకీ ఇలాగే చెప్పేశారండి. బంధువులందరూ దిగారండి. నాలుగేళ్లు బతికాడండి. మీ అత్తగారు కూడా అంత తేలిగ్గా వదల్రు, చూడండి."

వేరే రోజైతే రూబీ నవ్వేసేది. ఇప్పుడు మనోజ్ చెయ్యి పట్టుకుంది. మంచుముక్కలా ఉంది ఆ చెయ్యి.

*

రెండేళ్ల క్రితం ఇదే చెయ్యి లారీ స్టీరింగ్ మీద ఎంత నిబ్బరంగా ఉండేదని!

తాడేపల్లిగూడెంలో అబ్బాయిరాజు గారి మ్యాన్‌పవర్ ఆఫీసు. దుబాయిలో హెవీ డ్రైవర్ పని అన్నారు. ఈ చుట్టుపక్కల నుంచి ఆరుగురు వెళ్లారు. దుబాయిలో నాలుగు రోజులున్నారు. పాస్‌పోర్టులు కంపెనీ తీసుకుంది. ఐదో రోజు ఓడ ఎక్కించింది.

దిగింది సోమాలియాలో.

అక్కడ పొరుగు దేశం సైన్యం దిగి ఉంది. ఇథియోపియా వాళ్లట. వాళ్లని తరిమేయాలని మిలిటెంట్లు ఇంటింటి గోడ చాటునా కాపు వేసి ఉన్నారు. మధ్యలో రోడ్డు. ఆ రోడ్డు మీద మన గోదావరి డ్రైవర్లు. పిండి బస్తాలు, డీజిలు, చెక్కపెట్టెలు... సైన్యానికి మోయడమే పని.

ఒక రాత్రి మనోజ్ చూశాడు. కంపెనీ మనుషులే దారిలో లారీ ఆపించారు. చెక్కపెట్టెలు దింపారు. మొహాలకి గుడ్డలు కట్టుకున్నవాళ్లు వచ్చి ఎత్తుకెళ్లారు.

ఇటు సైన్యానికి సప్లయి. అటు మిలిటెంట్లకి అమ్మకం!

మనోజ్ ఫోన్లో వీడియో తీశాడు. ఎందుకు తీశాడో ఇప్పటికీ తెలియదంటాడు.

నెల తిరగలేదు. ఆ పెట్టెల్లోని బాంబులే మిలిటెంట్లు రోడ్డు కింద పాతారు. ఆరుగురిలో ముగ్గురు పోయారు.

'పని వదిలి పారిపోయారు' అని కంపెనీ రాసుకుంది.

మనోజ్ చేపల పడవలో పడి కెన్యా చేరాడు. ఇల్లు చేరి తొమ్మిది రోజులైంది. తొమ్మిది రోజులుగా మంచం మీద పడుకోవడం లేదు. మంచం కింద పడుకుంటున్నాడు.

మొన్న అబ్బాయిరాజు గారు ఇంటికొచ్చారు. ఎవర్నీ నువ్వనని మనిషి. కుర్చీలో కూర్చున్నారు. కాఫీ తాగారు. కప్పు స్వయంగా తీసుకెళ్లి కుళాయి దగ్గర పెట్టారు. అప్పుడన్నారు.

"రూబీ గారూ, తమరు చిన్నవారండీ. పిల్లలకి పాఠాలు చెప్పుకునే టీచరు గారు. తమర్ని బొట్టూ పువ్వూ లేకుండా చూడ్డం నాకు ఇష్టం లేదండీ. అయ్యో, మీవాళ్లు బొట్టు పెట్టుకోరు కదూ! సరే... పువ్వులైనా."

ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది.

*

ఆటో వెళ్లిపోయింది. గట్టు మీద ఇద్దరే.

ఎడమ పక్క చేపల చెరువులు. కుడి పక్క కొల్లేరు. నల్లగా... అంతు లేకుండా. నీటి మధ్య చెట్ల మీద తెల్లగా మచ్చలు. పక్షులు. వేలకి వేలు. ఏ దేశాల నుంచో వచ్చి, రెక్కల్లో తల దూర్చి నిద్రపోతున్నాయి.

"ఇంకెంత దూరం?"

"ఆ లాంతరు కనిపిస్తోందిగా. అదేనండీ."

ఢాం!

మనోజ్ లేడు!

రూబీ పక్కన, అర సెకను క్రితం దాకా నడుస్తున్న మనిషి... లేడు.

"ఏవండీ!!"

గట్టు కింద బురదలో బోర్లా పడి ఉన్నాడు. రెండు చేతులూ తల మీద. నోట్లో ఏదో భాష. తెలుగు కాదు.

లాంతరు ఊగుతూ పరుగున వచ్చింది.

"టపాసండీ! టపాసు! భయపడకండి!"

ఆడమనిషి. ముప్పై ఉంటాయి. రూపాయి కాసంత బొట్టు. చేతినిండా మట్టిగాజులు. లాంతరు ఎత్తి మనోజ్ మొహంలోకి చూసింది. చెయ్యి ఆగిపోయింది.

"మీరు... మనోజ్ గారు కాదుటండీ? ఫోటోలో మా ఆయన పక్కన..."

మనోజ్‌తోపాటు వెళ్లిన ఆరుగురిలో ఒకడైన బంగారురాజు భార్య, కాంతం.

ఆమె కళ్లు మనోజ్‌ని దాటి, రూబీని దాటి, వెనక చీకట్లోకి వెళ్లాయి. అక్కడ ఎవరూ లేరు.

"ఆయన ఏరండీ?"

ఒక్కసారే అడిగింది.

మనోజ్ తల దించుకున్నాడు. బురద కారుతోంది గడ్డం మీద నుంచి.

"అన్నీ చెబుతామండీ," అంది రూబీ. "ముందు కాస్త మంచినీళ్లు ఇప్పించండి. ఈ రాత్రికి మమ్మల్ని ఉండనివ్వండి. ఎవరొచ్చి అడిగినా లేరని చెప్పండి."

కాంతం లాంతరు పాక వైపు తిప్పింది.

"రండి," అంది.

*

తాటాకు పాక. చెరువు కాపలా పాక. కాంతం ఒక్కతే ఉంటుంది.

పాక ముందు రెండు గుంజల మధ్య కొబ్బరితాడు వేలాడుతోంది. కొస నిప్పంటుకుని నెమ్మదిగా కాలుతోంది. జానెడుకొకటి చొప్పున తాటాకు టపాసులు కట్టి ఉన్నాయి.

"అరగంటకొకటి పేలుతదండి," కాంతం గిన్నెలు సర్దుతూ చెప్పింది. "పగలు నీటికాకులు, రాత్రి నీటిపిల్లులు. చేపల్ని బతకనివ్వవు. మనిషి కాపలా లేకపోయినా తాడు కాపలా కాస్తది. కానీ ఏం లాభమండీ? పక్షులకి అలవాటైపోయింది. ఇందాక అంత మోత మోగిందా? ఒక్క రెక్కన్నా కదిలిందేమో చూశారా?"

"మరెలా అండీ?"

"మా ఆయన ఉన్నప్పుడు తుపాకీ పేల్చేవారండి. పిట్టల తుపాకీ. దానికి మటుకు కొల్లేరు కొల్లేరంతా లేచిపోయేది. ఆఫీసర్లు తిట్టారని చూరులో దోపేశారు." చూరు వైపు చూసింది. "నెలకోసారి తీసి మందు మారుస్తానండి. ఒంటరిదాన్ని కదా."

కంచాలు పెట్టింది. వేడన్నం. కొరమీను పులుసు.

"మీరూ కూర్చోండి," అంది రూబీ.

"మీరు కానివ్వండి. నేను తర్వాత తింటాను. ఒకసారి తాడు చూసొస్తాను."

బయటికెళ్లింది.

మనోజ్ ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకోలేదు.

"రూబీ. చెప్పెయ్యి. ఇప్పుడే చెప్పెయ్యి."

"ఉహూఁ. ఆవిడ ఇంకా అన్నం తినలేదు."

"రూబీ..."

"పొయ్యి మీద అన్నం ఉండగా, తినని మనిషికి చావు కబురు చెబుతామా? మళ్లీ ఎన్ని రోజులకి ముద్ద దిగుతుందో! మా నాన్న పోయినప్పుడు పిన్ని నాకు పెరుగన్నం ముద్దలు పెట్టి, మూతి తుడిచి, అప్పుడు చెప్పింది. ఆవిణ్ని కూడా తిననివ్వండి. చెబుదాం. ఇదిగో, ఇది చేతిలో పెట్టి చెబుదాం."

జిప్పు కవరు తడిమింది. గుడ్డ మూట. పెద్దింట్లమ్మ గుడి పసుపు. బంగారురాజు ప్రయాణమైన రోజున కాంతం అతని చొక్కా జేబు లోపల పెట్టి కుట్టింది. చివరికి మనోజ్ చేతికి దక్కింది అదొక్కటే.

"నేను మాత్రం చెప్పలేను," అన్నాడు మనోజ్. "నా నోటితో నేను చెప్పలేను రూబీ. నీకు తెలీదు..."

"ఏం తెలీదు?"

మనోజ్ పులుసులోకి చూస్తున్నాడు.

రూబీ గోడ వైపు చూసింది. మేకుకి చిన్న గుడ్డ సంచి వేలాడుతోంది. సెల్‌ఫోను పెట్టుకునే సంచి. లోపలికి వచ్చినప్పుడు దాంట్లో ఫోను ఉంది. పచ్చ లైటు వెలిగి ఆరుతుండటం తను చూసింది.

ఇప్పుడు సంచి ఖాళీ.

తాడు చూడ్డానికి ఫోనెందుకు?

ఇందాకే కదా టపాసు పేలింది. ఇంకో అరగంట దాకా తాడులో చూడాల్సిందేముంది?

రూబీ చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది.

ఆయన ఏరండీ... అని ఒక్కసారే అడిగింది!

మనోజ్ కబురు తెలియని ఆ నాలుగు నెలలూ తను ఎలా ఉంది? పోస్టుమాన్‌ని అడిగింది. బ్యాంకులో అడిగింది. బస్సులో పక్కన కూర్చున్న మిలిటరీ మనిషిని అడిగింది. ఒకసారి అడిగితే ఊరుకుందా? మొగుడి పక్కన పనిచేసిన మనిషి ఎదురుగా కూర్చుంటే, ఏ ఆడది ఒక్కసారి అడిగి నోరు మూసుకుంటుంది?

జవాబు ముందే తెలిసిన ఆడది!

లేదా... తెలుసనుకుంటున్న ఆడది.

"ఏవండీ! లేవండి!"

"ఏమైంది?"

"లేవండి!!"

పాక వెనక తలుపు. బురద మెట్లు. నీళ్లలో కట్టేసిన తాటిదోనె. మనోజ్‌ని తోసింది. బైబిల్ చంకలో పెట్టుకుని తనూ దూకింది. ముడి రాదు. తడి తాడు. గోళ్లు విరిగాయి.

దూరంగా గట్టు మీద వెలుగు.

ఒక్క దీపం.

కుడి హెడ్‌లైటు వెలగదు!

ముడి ఊడింది.

*

కిక్కిస గడ్డి మనిషి ఎత్తున పెరిగి ఉంది. దోనె దాంట్లోకి దూరి ఆగింది. గట్టుకి ఇరవై గజాలుండదు. ఇంకా లోపలికి పోవాలంటే తెడ్డు వేయాలి. తెడ్డు వేస్తే చప్పుడు.

ఇద్దరూ దోనెలో వెల్లకిలా పడుకున్నారు. వీపు కింద చల్లటి నీళ్లు.

సుమో ఆగింది. తలుపు తెరుచుకుంది. తెల్ల చెప్పులు దిగాయి. వెనక డ్రైవరు.

"కాంతమ్మా, బాగున్నారా అండీ? ఇంత చలిలో తమర్ని బయట నిలబెట్టేశాను."

ఆ గొంతే! పంచదార కలిపినట్టు...

"లోపల అన్నం తింటన్నారండి." అంది కాంతం. "రాజుగారూ... మా ఆయన్ని మరి ఎప్పుడు వదులుతారండీ వాళ్లు?"

వదలడమా? పోయిన మనిషినా!

"ఆయ్! ఎల్లుండే అనుకోండి. ఆ మిలిటెంట్లు మాట మీద నిలబడే మనుషులండీ. వాళ్లకి కావాల్సిందొక్కటే. ఈ మనోజ్ గారు రేపు కోర్టులో నోరు విప్పకూడదు. విప్పారా, అక్కడ బంగారురాజు గారి పీక తెగుతుంది. తమరు మంచి పని చేశారమ్మా. మొగుణ్ని బతికించుకున్నారు."

"ఈయన్నేం చెయ్యరు కదండీ?"

"అబ్బే! మాట్లాడతానంతే."

డ్రైవరు పాకలోంచి బయటికొచ్చాడు. "లేరండి! కంచాలున్నాయి. అన్నం వేడిగానే ఉంది."

అబ్బాయిరాజు గారు చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. మడిచి జేబులో పెట్టారు. ఆ జేబులోంచే పిస్టల్ తీశారు.

"టార్చి వెయ్యండి. నీళ్ల మీద."

వెలుగు కిక్కిస మీదికి వచ్చింది. మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకి...

రూబీ మనోజ్ నోరు మూసింది.

టార్చి దోనె మీది గడ్డిని తాకింది. దాటింది.

దాటిపోయింది!

అప్పుడు గుర్తొచ్చింది.

తాడు!

టపాసు పేలి ఎంతసేపైంది? అన్నం వడ్డించి... ముద్ద కలిపి... అరగంట అయ్యిందా? కాలేదా?

"ఏవండీ," చెవిలో ఊదినట్టు అంది. "టపాసు పేలుతుంది. టపాసేనండీ. కదలకండి. నా చెయ్యి కొరకండి. కదలొద్దు..."

ఢాం!

మనోజ్ ఒళ్లు విల్లులా లేచింది! దోనె ఒరిగింది. నీళ్లు ఛప్పున చప్పుడు చేశాయి.

చెట్ల మీద పక్షులు కదల్లేదు.

టార్చి గిర్రున వెనక్కి తిరిగింది.

"అదిగో!"

"ఆహాఁ," అన్నారు అబ్బాయిరాజు గారు. "మనోజ్ గారూ, దయచేయండి. నీళ్లలో జలుబు చేస్తుంది. రూబీ గారూ, తమరు పక్కకి జరగండమ్మా. తమరితో నాకు పనిలేదు. ఈ టపాసుల మోతలో ఇంకో మోత ఎవరికీ వినపడదు లెండి."

చెయ్యి లేచింది.

రూబీకి ఒకటే తోవ కనిపించింది. ఇందాక కంచం ముందు ఆపుకున్న మాట. ఎవరూ ఎవరికీ ఇలా చెప్పకూడని మాట. దోనెలో లేచి నిలబడింది. టార్చి వెలుగుకి ఎదురుగా.

"కాంతం గారూ! మీ ఆయన పోయారండీ!!"

కొల్లేటి మీద ఆ కేక చాలా దూరం వెళ్లింది.

"నాలుగు నెలలైందండీ! బందీ కాదండీ! లారీ కింద బాంబు పేలి పోయారండీ! ఈ రాజుగారికి తెలుసండీ, మొదట్నుంచీ తెలుసు!"

"అబద్ధం!" అబ్బాయిరాజు గారి గొంతులో పంచదార కరిగిపోయింది. "నమ్మకు కాంతం! నాటకాలాడుతోంది!"

మొదటిసారి ఆయన నోట 'గారు' లేదు. 'అమ్మా' లేదు.

"జేబులో పెద్దింట్లమ్మ పసుపు పెట్టి కుట్టారు కదండీ మీరు! ఎర్రదారం అయిపోయి నీలం దారంతో కుట్టారు! 'నీలమేంటే, ఎర్రది లేదా' అని ఆయన నవ్వారట! నా దగ్గరుందండీ అది! మీ చేతికిద్దామనే వచ్చామండీ! మీరన్నం తిన్నాక చెబుదామని..."

చంకలోని కవరు పైకెత్తింది.

గట్టు మీద లాంతరు కదిలింది. వెనక్కి తిరిగి పాకలోకి వెళ్లిపోయింది.

నమ్మలేదు!

అయిపోయింది. రూబీ మనోజ్ ముందుకి జరిగింది. రెండు చేతులూ చాపింది. కళ్లు మూసుకుంది. ప్రభువా...

మోత!

టపాసు మోత కాదు. ఛాతీ మీద గుద్దినట్టు... బరువైన, పొడి మోత.

ఆ వెంటనే ఇంకో చప్పుడు. ఆకాశం చినిగినట్టు. వేల రెక్కలు... లక్ష రెక్కలు... కొల్లేరు కొల్లేరంతా ఒక్కసారి పైకి లేచింది!

తుపాకీ!

"ఏవండీ!" వెనక్కి తిరిగి తడిమింది. మెడ, ఛాతీ, పొట్ట. తడి. తడి! వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. నీళ్ల వాసన. నాచు వాసన.

రక్తం కాదు.

"నాకేం కాలేదు..." మనోజ్ గుసగుసలాడాడు. "నీకు?"

తనకీ ఏం కాలేదు.

గట్టు మీద టార్చి నేలన పడి ఉంది. దాని వెలుగులో ఒక తెల్ల చెప్పు. దాని పక్కన తొడ రెండు చేతులతో పట్టుకుని పొర్లుతున్న అబ్బాయిరాజు గారు.

"అమ్మా... అమ్మోయ్... కాలు... చచ్చాను..."

పిస్టల్ లేదు. నీళ్లలో పడిపోయింది. డ్రైవరు అప్పటికే సుమో రివర్స్ చేస్తున్నాడు. ఒంటి దీపం గట్టు మీద ఎగురుకుంటూ పారిపోయింది.

పాక గుమ్మంలో కాంతం. చేతిలో పిట్టల తుపాకీ. గొట్టం నుంచి పొగ.

పక్కనే గోడకి వేలాడుతున్న కొబ్బరిచిప్పలోంచి మందు తీసుకుంది. మళ్లీ గొట్టంలో పోస్తోంది. తొందర లేదు. సీసపు రవ్వలు వేసింది. ఊచతో దట్టించింది.

"కాంతం గారూ... ఇంక వద్దండీ... చాలు..."

"దోనె ఒడ్డుకి తీసుకురండి రూబీ గారూ."

గడ్డిలో చిక్కుకున్న దోనెని విడిపించి ఒడ్డుకి తేవడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరూ గట్టెక్కారు. రూబీ జిప్పు లాగింది. మూట తీసి కాంతం ముందు చాపింది.

కాంతం లాంతరు దగ్గరగా పట్టుకుని కుట్టు చూసింది. నీలం దారం. ఒక చివర నల్లగా కాలింది.

మూట జాకెట్లో దోపుకుంది. తుపాకీ దించలేదు.

"మీరు చెప్పండి," అంది మనోజ్‌తో. "ఆవిడ కాదు. మీరు. దగ్గరున్నది మీరేగా. ఆయన ఎలా పోయారు?"

మనోజ్ రూబీ వైపు చూశాడు.

"ఇంకా దాస్తారా? నేను అన్నం తినే దాకా ఆగుతారా?"

"వదినా..." మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఆ రోజు ముందు బండి బంగారురాజన్నది కాదు."

రూబీ ఉలిక్కిపడి చూసింది. ఇది తనకి తెలీదు!

"నాది. ముందు బండి నాది. నాకు జ్వరం. స్టీరింగ్ పట్టుకోలేకపోతున్నాను. అన్న వచ్చి... 'దిగరా, నీకు పెళ్లాం ఎదురుచూస్తోంది, నెమ్మదిగా వెనక బండిలో రా' అన్నాడు. 'మీకు లేదా అన్నా పెళ్లాం' అన్నాను. 'నాది గట్టిది, తుపాకీ పేలుస్తది' అని నవ్వాడు. నవ్వుతూనే ఎక్కాడు. వంద గజాలు... వంద గజాలు కూడా పోలేదు వదినా..."

అబ్బాయిరాజు గారి మూలుగు ఆగింది.

కాంతం కదల్లేదు. తుపాకీ గొట్టం కదిలింది. అబ్బాయిరాజు గారి మీద నుంచి పక్కకి... ఇంకా పక్కకి...

మనోజ్ గుండె ఎదురుగా ఆగింది.

"'నా బండి' అన్నారా?"

"నాదే."

"కాంతం గారూ!" రూబీ ముందుకి ఉరకబోయింది.

మనోజ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండనీ రూబీ. అడిగే హక్కు ఆవిడకి ఉంది."

లాంతరు వెలుగులో కాంతం వేలు వంగింది.

ఢాం!!

రూబీ కెవ్వుమంది. కళ్లు గట్టిగా మూసుకుంది. మనిషి కూలే చప్పుడు కోసం చూసింది.

పడలేదు.

చెవులు రిక్కించింది. వేల రెక్కలు ఒక్కసారి లేచే చప్పుడు లేదు. ఇందాక లేచిన పక్షులు ఒక్కొక్కటే తిరిగొచ్చి చెట్ల మీద వాలుతున్న సవ్వడి, అంతే. ఒక్కటి కూడా బెదరలేదు.

కళ్లు తెరిచింది.

తాడు కొస దగ్గర తాటాకు ముక్కలు గాల్లో తేలుతున్నాయి.

టపాసు.

కాంతం తుపాకీ గొట్టం నేల వైపుకి ఒంగిపోయి ఉంది. బొట్టు చెరిగి చెంప దాకా వచ్చింది.

"రేపు పొద్దున్నేగా కోర్టు?" అంది. "నేనూ వస్తాను. ఈ అబ్బాయిరాజు నాకేం చెప్పాడో, నేనేం నమ్మానో... అదీ రాసుకోమనండి."

రూబీ మొగుడి వైపు చూసింది.

మనోజ్ బురదలో మోకాళ్ల మీదే ఉన్నాడు. తల ఎత్తి, కళ్లు తెరుచుకుని, చేతులు పక్కన వేలాడేసుకుని.

అంత మోతకి కూడా... ఈసారి కదల్లేదు.